దాది బెజవాడ కాలువలు చూసిన రోజు

నేను ఇక్కడ మీ పోస్టులు చదవడమే గాని ఎప్పుడూ రాయలేదు. ఇది కొంచెం పెద్దగుంటది, ఓపికతో చదవండి. ఇందులో నా తప్పులు రెండు మూడు ఉన్నయ్. వాటిని దాచకుండా చెప్దామనే రాస్తున్న.

మాది ఎల్లారెడ్డి దగ్గర ఒక తండా. నేను కామారెడ్డిల గిరిజన హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కిన మొదటివాడిని నేనే. అందుకే ఇంట్ల ఏ కాగితం వచ్చినా నా చేతికే ఇస్తరు. రేషన్ కార్డు కాడి నుంచి బ్యాంకు పాస్‌బుక్కు దాకా "పోరడు చూస్తడు తియ్" అంటరు. ఆ మాట వింటే నాకు ఛాతి ఉబ్బేది.

పోయిన ఎండాకాలం మా దాదిని తీసుకొని ఇంటిల్లిపాది బెజవాడ పోయినం. దాది, బాపు, యాడి, చెల్లె, నేను, మొత్తం ఐదుగురం. దుర్గమ్మ గుడికా అని తండాల అందరూ అడిగిండ్రు. గుడికి కూడా పోయినం గాని, దాది పోదామన్నది కాలువలు చూడనీకి. ఇది విని మా తండాల నవ్వని మనిషి లేడు.

దాని వెనుక ఒక కథ ఉన్నది. మా తండా ఎత్తు మీద ఉంటది. పోచారం కాలువ కింది ఊర్లకు పారుతది. నిజాంసాగర్ కాలువ బాన్సువాడ, బోధన్ దిక్కు పోతది. మా చేన్లకు మాత్రం ఏ కాలువ నీళ్లూ ఎక్కవు. వానొస్తే మక్క, రాకపోతే కూలి. మా దాది పెండ్లయి వచ్చిన కాడి నుంచి నాట్లకు, కోతలకు బాన్సువాడ, వర్ని దిక్కు క్యాంపులకు పోయేది. ఆ దిక్కు ఊర్ల పేర్ల చివర 'క్యాంపు' అని ఎందుకుంటదో నాకు ఇంటర్ దాకా తెలియదు. మంజీర మీద నిజాంసాగర్ ప్రాజెక్టు 1923లో మొదలై 1931లో పూర్తయింది. దాని రూపకర్త నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ అనే ఇంజినీరు. 2.75 లక్షల ఎకరాలకు నీళ్లియ్యాలని లెక్క. కాలువ వచ్చినంక, ఆ నీళ్లతో వరి, చెరుకు ఎట్ల పండియ్యాలో తెలిసిన రైతులు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చి భూములు కొనుక్కున్నరు. వాళ్లు గుడిసెలు వేసుకున్న జాగలే క్యాంపులయినయ్. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టింది కూడా ఈ కాలువ చెరుకును చూసే.

ఆ క్యాంపుల్లో ఒక ముసలమ్మ మా దాదితోని "మా బెజవాడలో ఊరి నడుమ మూడు కాలువలు పారతాయే" అన్నదట. దాది నమ్మలేదు. ఒక్క కాలువ కోసం ఇన్ని ఊర్లు కొట్లాడుతుంటే ఒక్క ఊర్లో మూడు కాలువలా అని నవ్విందట. ఆ అమ్మ పోయి చాన ఏండ్లయింది. దాది మనసుల మాత్రం ఆ మాట ఉండిపోయింది. నేను డిగ్రీల చేరిన రోజు "నీకు నౌకరొస్తే నాకు ఆ మూడు కాలువలు చూపియ్యి" అన్నది. నౌకరొచ్చే దాకా దాది ఉంటదో లేదోనని బాపు మొన్న మక్కలమ్మిన పైసల నుంచి కొంత తీసి నా చేతిల పెట్టిండు. "టికెట్లు నువ్వే చెయ్యి" అన్నడు.

కామారెడ్డి నుంచి బెజవాడకు సీదా పోయే రైలు కృష్ణా ఎక్స్‌ప్రెస్. ఆదిలాబాద్ నుంచి తిరుపతి పోతది. ఆదిలాబాద్‌ల రాత్రి బయలుదేరి కామారెడ్డికి అర్ధరాత్రి దాటినంక వస్తది. హాస్టల్ల దోస్తు ఫోన్ల ఐదు స్లీపర్ బెర్తులు మే 12వ తారీఖుకు బుక్ చేసిన. వచ్చేటప్పుడు 14వ తారీఖుకు. ఇంటికి పోయి టికెట్ చూపిస్తే మా చెల్లె చదివి అడిగింది: "అన్నా, రాత్రి రెండు గంటలంటే 12 తారీఖా, 13 తారీఖా?" నిరుడే పది పాసైన పోరి. నాకు కోపమొచ్చింది. "నీకేం తెలుసు, నోరు మూసుకో" అన్న. యాడి కూడా "అన్న చదువుకున్నోడు, నువ్వు ఊకో" అన్నది. చెల్లె ఊకున్నది.

ఇంకో తప్పు కూడా అప్పుడే చేసిన. మా దాది పేటియా, కాంచళి తప్ప ఇంకో బట్ట ఎరగదు. దాదా పోయినంక జుట్టుకున్న ఘుగ్రి, టోప్లి తీసేసింది, చేతుల బలియాలు తీసేసింది, గాని పేటియా విడవలేదు. నేను యాడిని పక్కకు పిలిచి "దాదికి చీర కట్టియ్యి, రైల్ల అందరూ చూస్తరు" అన్న. ఎందుకన్ననో మీలో కొందరికి చెప్పకుండనే తెలుసు. ఫస్టియర్ల నా క్లాసు పోరగాండ్లు బస్టాండుల మా యాడిని చూసి ఒక మాట అన్నరు. ఆ మాట ఇక్కడ రాయను. అప్పుడు వాళ్లకు జవాబియ్యలేదు. ఆ జవాబును మా దాది మీద తీసిన. దాది నన్ను ఒకసారి చూసింది, ఏమనలేదు. యాడి నీలం చీర ఒకటి కట్టించింది. తన బట్టలు మాత్రం మూటల పెట్టుకున్నది.

12వ తారీఖు పొద్దుమూకంగ ఎల్లారెడ్డిల బస్సెక్కి లింగంపేట మీదుగ కామారెడ్డి వచ్చినం. మా దిక్కు రైలు లేదు, రైలంటే కామారెడ్డే. ప్లాట్‌ఫాం మీద దుప్పటి పరిచి, జొన్న రొట్టె, ఎల్లిపాయ కారం తిన్నం. పక్కకు కూసున్న ఒక పెద్దాయన మాట కలిపి "ఏ బోగీ తమ్మీ?" అన్నడు. ఫోన్ల టికెట్ చూపించిన. ఆయన కండ్లద్దాలు పెట్టుకొని రెండుసార్లు చదివిండు. "తమ్మీ, ఈ రైలు నిన్న రాత్రే పోయింది" అన్నడు.

నాకు ముందు అర్థం కాలేదు. అర్ధరాత్రి పన్నెండు దాటితే తారీఖు మారుతది. 12వ తారీఖు రెండు గంటల రైలంటే 11వ తారీఖు రాత్రే స్టేషన్‌ల ఉండాలె. మేము ఒక రోజు ఆలస్యంగ వచ్చినం. మా ఐదు బెర్తులు మేము లేకుండనే బెజవాడ పోయినయ్. పద్నాలుగు, పదిహేను వందల రూపాయలు, అంటే మా యాడికి ఎన్ని దినాల కూలో లెక్కేసుకోండి. చెల్లె నా దిక్కు చూడకుండ నేల దిక్కు చూసింది. ఆ పిల్ల "నేను చెప్పిన కదా" అంటే బాగుండునేమో. అనలేదు.

బాపు కొద్దిసేపు ఊకె కూసున్నడు. తర్వాత లేచి "జనరల్ టికెట్ ఎక్కడిస్తరు?" అని ఆ పెద్దాయననే అడిగిండు. ఎన్కకు తిరిగిపోదామని అందరికన్నా ముందు అన్నది నేనే. దాది కదలలేదు. "కాలువలు నిన్న పోలేదు గద" అన్నది.

రైలు వచ్చినంక జనరల్ బోగీల ఎట్లెక్కినమో ఆ దేవునికెరుక. దాదికి, యాడికి తలుపు దగ్గర కొంచెం జాగ దొరికింది. మేము నిలబడ్డం. తెల్లారి ఒక స్టేషన్‌ల సగం మంది దిగితే సీట్లు దొరికినయ్. అక్కడ్నే ఒక ఆమె ఎక్కింది. యాభై ఏండ్లుంటయ్. నిండు పేటియా, అద్దాల కాంచళి, తల మీద టుక్రి. హైదరాబాద్‌ల కొడుకు దగ్గరికి వచ్చి మహబూబాబాద్ పోతున్నదట. కూసోంగనే బోగీ మొత్తం వినబడేటట్టు గోర్ బోలిల ఫోన్ మాట్లాడింది. ఎవరు చూస్తున్నరో ఆమెకు పట్టింపే లేదు.

యాడి మెల్లగ చెల్లెతోని ఏదో అంటుంటే ఆమె విన్నది. "మీరు మనోళ్లేనా!" అని దగ్గరికి జరిగింది. ఏ తండా, ఏ గోత్రం, ఎవరింటి ఆడబిడ్డ, అన్నీ అడిగింది. దాది మొఖం వెలిగింది. వరంగల్ దాటే వరకు ఇద్దరూ పాటలు, పెండ్లిళ్లు, చనిపోయినోళ్లు, అన్నీ మాట్లాడుకున్నరు. నడుమల ఆమె దాది కొంగు పట్టుకొని అడిగింది: "యాడీ, ఇంత పెద్దమనిషివి, నీకు ఈ చీరేంది? ఎవరు కట్టిచ్చిండ్రు?"

నా గుండె ఆగినంత పనయింది. దాది నా దిక్కు చూడలేదు. "ఎండాకాలం గద బిడ్డా, పేటియా బరువు. నేనే కట్టుకున్న" అన్నది.

డెబ్బై ఏండ్ల మనిషి. ఎండ ఎంత కొట్టినా, బురదల మోకాలి దాకా దిగినా పేటియా తోనే నాటేసిన మనిషి. నా కోసం అబద్ధమాడింది. మహబూబాబాద్‌ల ఆమె దిగి కిటికీ లోంచి దాది చెయ్యి పట్టుకొని పోయింది. నేను డోర్నకల్ దాకా కిటికీ బయటికే చూసిన.

ఎండ నెత్తి మీదికొచ్చినంక బెజవాడ దిగినం. ఆ ఎండ మన ఎండ లెక్క కాదు, ఉడకపోత. నీళ్లు తాగి ఆటో మాట్లాడుకొని సీదా ప్రకాశం బ్యారేజీ కాడికి పోయినం. నేను ముందే చదువుకొని పోయిన గనక చెప్పుడు మొదలుపెట్టిన. గుంటూరు దిక్కు 1832, 33లో నందన కరువని పెద్ద కరువొచ్చి జనం పిట్టల్లాగ రాలిపోయిండ్రు. అటెంక కృష్ణ మీద ఆనకట్ట 1852లో మొదలుపెట్టి 1855లో పూర్తి చేసిండ్రు. ఇప్పుడున్న బ్యారేజీ 1957ల తయారైంది, 70 గేట్లు, కిలోమీటరుకు పైన పొడవు. బాపు గేట్లను చూసుకుంట నడిచిండు. మా బాపు కాలువ పూడిక పనులకు పోతడు, నీళ్లు వదిలినప్పుడు లష్కర్ వెంబడి తూముల కాడ తిరుగుతడు. డెబ్బై గేట్లు విని "వీటికి గ్రీజు పెట్టనీకే ఎంతమంది కావాలె" అన్నడు.

బ్యారేజీ పైదిక్కు నీళ్లు నిండుగ ఉన్నయ్. కింది దిక్కు ఇసుక తేలింది. గుడి దిక్కు ఉన్న గట్టు కాడ్నించి కాలువలు మొదలై ఊర్లకు పోతయ్. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ. క్యాంపు ముసలమ్మ చెప్పిన మూడు ఇవే. ఒకప్పుడు వీటిల్ల పడవలు నడిచేవి, వడ్లు, మనుషులు వీటి మీదనే పోయేటోళ్లు. మేము ఒక వంతెన మీద నిలబడి చూసినం. ఎండాకాలం గనక నీళ్లు తక్కువున్నయ్, ఉన్న నీళ్లు ఆకుపచ్చగ, గట్టు పొంటి ప్లాస్టిక్ కవర్లు.

దాది చానసేపు చూసింది. "ఇవేనా?" అన్నది. "మన నిజాంసాగర్ కాలువ నీళ్లే నయం." అందరం నవ్వినం. పొద్దుటి నుంచి నేను నవ్వింది అప్పుడే.

మూడింటి పేర్లు చెప్తుంటే 'బందరు' కాడ దాది ఆపింది. "బందర్ అంటే ఉప్పు బందరేనా?" అన్నది. మచిలీపట్నాన్నే బందరు అంటరని, ఈ కాలువ అక్కడి దాకా పోతదని చెప్పిన. అప్పుడు దాది వాళ్ల తాత చెప్పిన లదేని ముచ్చట చెప్పింది. వందల ఎడ్ల మీద గోనెలేసి, సముద్రం దిక్కు నుంచి ఉప్పు తెచ్చి, లోపలి ఊర్లల్ల అమ్మి, ధాన్యం తీసుకపోయేటోళ్లట. "మా తాత తాతలు ఈ నేల మీద నడిచిండ్రేమో, మేము బండ్ల తోవ మరిచిపోయినం" అన్నది.

ఇది మీకందరికీ తెలిసిన చరిత్రే. కాని ఆ వంతెన మీద నిలబడి నాకు కొత్తగ తోచింది. 1855లో కాలువలొచ్చినయ్, వాటి మీద పడవలు. 1889లో నిజాం రైలు బెజవాడ దాకా వచ్చింది. మేము పొద్దున వరంగల్, మహబూబాబాద్ మీదుగ వచ్చిన దారి అదే. పడవ, రైలు వచ్చినంక ఎద్దు మీద ఉప్పు ఎవరు కొంటరు? మనోళ్ల లదేని ఆగిపోయింది. బతుకుదెరువు పోయిన మనోళ్ల పేర్లే, 1871లో తెల్లోళ్లు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం కింద రాసుకున్నరు. 1952 దాకా ఆ చట్టం పోలేదు. ఏ రైలైతే మన ఎడ్లను ఆపిందో ఆ రైల్లనే, తలుపు కాడ కూసొని, మా దాది ఇక్కడికొచ్చింది.

ఇంకొక లెక్క కూడా తోచింది. ఇక్కడ కాలువ 1855, మన నిజాంసాగర్ 1931. నడుమ 76 ఏండ్లు. క్యాంపులకు వచ్చినోళ్లకు నీళ్లు ఎట్ల పారియ్యాలో తాత చెప్పిండు, తండ్రి చెప్పిండు. వాళ్లు మనకన్నా తెలివైనోళ్లని చిన్నప్పుడు అనుకునేటోన్ని. తెలివి కాదు. వాళ్లింట్ల ముందు తప్పులు చేసి నేర్చుకున్నోళ్లు ఉన్నరు. టికెట్ తారీఖు కాడ నాకు లేనిదదే.

కాని నిజంగ లేకుండెనా? చెల్లె అడిగింది కదా.

సాయంత్రం కృష్ణ ఘాటుకు పోయినం. మెట్లు దిగేటప్పుడు దాది కాలు చీర కుచ్చిళ్లల్ల పడి తూలింది. బాపు పట్టుకున్నడు. నేను మూట తెచ్చి దాది ముందర పెట్టిన. "దాదీ, నీ బట్టలు కట్టుకో" అన్న. దాది నన్ను చూసి "వచ్చేటప్పుడు రైల్ల నీకు కష్టం కాదా?" అని అడిగింది. నింద లేదు, నిజంగనే అడిగింది. నాకు నోట మాట రాలేదు, తల ఊపిన. యాడి, చెల్లె తోడు పోయి ఆడోళ్లు బట్టలు మార్చుకునే గదిల కట్టించి తీసుకొచ్చిండ్రు. పేటియా కొంచెం ఎత్తి పట్టుకొని, నాట్ల మడిల దిగినట్టు చకచక మెట్లు దిగి, నీళ్లల్ల నిలబడి మొఖం కడుక్కున్నది.

ఆ రాత్రి ఘాటు దగ్గర కూసున్నప్పుడు బాపుకు అసలు సంగతి చెప్పేసిన. ఫస్టియర్ల రెండు సబ్జెక్టులు ఫెయిలైన. ఇంటర్ దాకా తెలుగు మీడియం, డిగ్రీల ఒక్కసారి ఇంగ్లీషు. అర్థం కాకపోతే అడగనీకి సిగ్గు. ఇంట్ల మాత్రం అన్నీ పాసని చెప్పిన. "టికెట్ చదవరాలేదు, పరీక్షలు రాయరాలేదు, ఇంక చదువు బంద్ చేసి హైదరాబాద్ పనికి పోత" అన్న.

బాపు బీడీ ముట్టించి కొంచెంసేపు నీళ్ల దిక్కు చూసిండు. "కొత్తగ తీసిన కాలువల మొదటిసారి నీళ్లిడిస్తే ఏమైతదో చూసినవా?" అన్నడు. "చివరి మడి దాకా పోవు. ఎండిన మట్టే తాగుతది. లష్కర్ తూము మూస్తడా? ఇంకా ఇడుస్తడు. మట్టి తడిసినంక ఎన్క నీళ్లు పారుతయ్." ఇంకేం చెప్పలేదు. కొంచెం ఆగి "ఆ రెండు పరీక్షలు మళ్ల ఎప్పుడున్నయ్? ఫీజెంత?" అని అడిగిండు. చెల్లె దిక్కు తిరిగి "వచ్చే టికెట్ నువ్వు చూడు బిడ్డా" అన్నడు.

చెల్లె నా ఫోన్ తీసుకొని తారీఖు, టైం, బోగీ నంబరు, అన్నీ పైకి చదివింది. ఈసారి సరిగ్గనే ఉన్నయ్. తెల్లారి గుడికి పోయి మొక్కి, 14వ తారీఖు రైల్ల మా బెర్తుల మీద మేము వచ్చినం. దాది కింది బెర్తు మీద పేటియా సర్దుకొని పండుకున్నది. ఎదురు సీటాయన ఒకసారి చూసిండు, తర్వాత పేపర్ చదువుకున్నడు. నేను ఏడాది నుంచి భయపడ్డది గంతే.

ఇప్పటి సంగతి చెప్పి ఆపుత. రెండు సబ్జెక్టుల్లో ఒకటి పాసైన. ఇంకోటి ఉన్నది. హాస్టల్ల సీనియర్ అన్న ఒకాయన దగ్గర కూసొని నేర్చుకుంటున్న, సిగ్గుపడకుండ అడుగుతున్న. చెల్లెకు పెండ్లి సంబంధం చూద్దామన్న మాట ఇంట్ల ఒకటి రెండుసార్లు వచ్చింది. బెజవాడ నుంచి వచ్చినంక బాపు ఆ మాట ఎత్తలేదు. ఆమె ఇంటర్ల చేరింది. ఇంట్ల కాగితం ఏదొచ్చినా ఇప్పుడు ఇద్దరం చూస్తున్నం.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు రెండే మాటలు. అర్ధరాత్రి దాటినంక వచ్చే రైలు బుక్ చేస్తే తారీఖు రెండుసార్లు చూసుకోండి, ముందటి రోజు రాత్రే స్టేషన్‌ల ఉండాలె. ఇంట్ల చిన్నోళ్లు ఏదన్న అడిగితే నోరు మూపియ్యకండి. మనింట్ల మొదట చదివినోళ్లం మనమే కావొచ్చు గాని, చదవొచ్చినోళ్లం మనమొక్కళ్లమే కాదు.

దాది తండాల అందరికీ ఒకటే చెప్తున్నది: "మూడు కాలువలు నిజమే. ఆ అమ్మ అబద్ధం చెప్పలేదు." రైల్ల తను చెప్పిన అబద్ధం సంగతి మాత్రం ఇప్పటి దాకా ఎవరితోనూ అనలేదు. అందుకే నేను రాసిన.